మీకు తెలుసా? ‘నల్ల సినిమా’కు పేరు పెట్టింది పారిస్

‘ఫిల్మ్ న్వార్’ అంటే ఫ్రెంచిలో నల్ల సినిమా. ఈ చీకటి నేర కథలను తీసింది హాలీవుడ్, పేరు పెట్టింది పారిస్. రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ ఆక్రమణ కాలంలో ఫ్రాన్స్‌కు అమెరికన్ సినిమాలు రాలేదు. యుద్ధం ముగిశాక, 1946లో, ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ‘ది మాల్టీస్ ఫాల్కన్’, ‘లారా’, ‘డబుల్ ఇండెమ్నిటీ’లాంటివి చూసిన విమర్శకుడు నీనో ఫ్రాంక్ ఆ ఏడాదే వాటి గురించి రాస్తూ ఈ మాట వాడాడు. తీసినవాళ్లకు మాత్రం అవి మెలోడ్రామాలే.

బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) చూడండి. కిటికీ పలకల సందుల్లోంచి పడే ఎండ చారల్లో దుమ్ము తేలుతుంటుంది. నిజానికి అది అల్యూమినియం పొడి! కెమెరామన్ జాన్ సైట్జ్ గాల్లోకి ఊదించాడు. ఇంకో విచిత్రం: కథానాయకుడి ఫ్లాట్ తలుపు లోపలికి కాకుండా బయటి నడవాలోకి తెరుచుకుంటుంది. దాని వెనక నాయిక దాక్కోవాలి మరి! అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది కథ చెప్పిన తీరు. హంతకుడు మొదట్లోనే నేరం ఒప్పేసుకుంటాడు. ఎవరు చంపారో తెలిసి కూడా ఊపిరి బిగబట్టి చూస్తాం. 7 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అవార్డు ఒక్కటీ రాలేదు.