పాత లాప్‌టాప్‌కు లినక్స్ వేద్దాం, పిల్లల చదువుకు సిద్ధం చేద్దాం



"మేడం, ప్రాజెక్టు వర్క్ కోసం లాప్‌టాప్ కొనాల్సిందేనా?" పేరెంట్ టీచర్ మీటింగ్‌లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ఫీజు, పుస్తకాలు, బస్సు ఖర్చుల మీద మరో 40 వేలంటే ఏ ఇంటికైనా భారమే. అలాగని ఊరుకుంటే ప్రాజెక్టు పని అమ్మ ఫోన్‌లోకి వెళ్తుంది. ఒక పేరా టైప్ చేసేలోపే వాట్సాప్ మెసేజ్ వస్తుంది, ఆ వెంటనే రీల్స్ మొదలవుతాయి. నిజానికి 6 నుంచి 10వ తరగతి పిల్లల అవసరాలకు బీరువాలో పడి ఉన్న పాత లాప్‌టాప్ చాలాసార్లు సరిపోతుంది.

పాతది ఎందుకు మూలన పడింది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు తయారైన లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ అర్హత లేదు. అంటే మెషీన్ బాగానే ఉంది, దానికి తగిన సాఫ్ట్‌వేరే లేదు.

ఆ లోటును లినక్స్ తీరుస్తుంది. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల వయసులో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. మన ఆండ్రాయిడ్ ఫోన్లకూ పునాది ఇదే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. డౌన్‌లోడ్‌కు గానీ లైసెన్సుకు గానీ రూపాయి కట్టక్కర్లేదు.

ఏమేం కావాలి?

- 64 బిట్ ప్రాసెసర్, వీలైతే 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్
- 8 జీబీ పెన్‌డ్రైవ్
- లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. పాత మెషీన్లకు తేలికగా ఉంటుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

పాత హార్డ్ డిస్క్ ఉంటే దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఖర్చు పెట్టదలిస్తే ముందు దీనికే పెట్టండి. వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది.

ఎలా వేయాలి?

1. ముందుగా ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ పని అయ్యాకే ముందుకు వెళ్లండి.

2. మింట్ వెబ్‌సైట్ నుంచి ఫైల్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ లేదా బలేనా ఎచర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి.

3. పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 ఉంటుంది.

4. మింట్ మొదట పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. నచ్చకపోతే ఆఫ్ చేసేయండి, మీ పాత విండోస్ అలాగే ఉంటుంది.

5. అన్నీ బాగుంటే ఇన్‌స్టాల్ నొక్కండి. మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్ పెడితే వీడియో పాఠాలకు ఇబ్బంది రాదు. డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ ఎంచుకుంటే పాత ఫైళ్లు తిరిగి రావు.

పిల్లల కోసం సెట్టింగ్స్

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించే ఖాతా అమ్మ లేదా నాన్న పేరిట ఉండాలి. పిల్లలకు విడిగా స్టాండర్డ్ ఖాతా ఇవ్వండి. అప్పుడు మీ పాస్‌వర్డ్ లేకుండా వాళ్లు సిస్టమ్ సెట్టింగ్స్ మార్చలేరు. వైఫై సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ దగ్గర 1.1.1.3 ఇస్తే పెద్దల సైట్లు చాలావరకు తెరుచుకోవు. ఇది క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ ఫిల్టర్. అయినా లాప్‌టాప్ హాల్లో ఉండటమే అన్నిటికన్నా మంచి ఫిల్టర్.

వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ పనులకు లిబ్రేఆఫీస్ మింట్‌తోనే వస్తుంది. గణితానికి జియోజీబ్రా, ఆకాశ పరిశీలనకు స్టెల్లేరియం, చిన్న తరగతులకు జీకాంప్రి ఉచితంగా దొరుకుతాయి. స్క్రాచ్ కోడింగ్ బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే తెలుగు ప్రాజెక్టు కూడా పిల్లలే స్వయంగా టైప్ చేస్తారు.

ఎవరికి సరిపోదు?

కొన్ని ఆన్‌లైన్ పరీక్షలు విండోస్‌లో మాత్రమే నడిచే ప్రత్యేక బ్రౌజర్ అడుగుతాయి. కొన్ని కోచింగ్ యాప్‌లు ఫోన్‌కో విండోస్‌కో మాత్రమే ఉంటాయి. వర్డ్‌లో చేసిన ఫైల్ లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే అమరిక కాస్త మారవచ్చు. అందుకే స్కూల్‌కు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి. మీ అబ్బాయి లేదా అమ్మాయి వాడే సైట్లన్నిటినీ నాలుగో దశలోనే తెరిచి చూసుకోండి. ఏదైనా ముఖ్యమైనది పనిచేయకపోతే విండోస్‌ను తీసేయవద్దు.

ఇన్‌స్టాలేషన్‌కు అరగంట, గంట పడుతుంది. బ్యాకప్, పరీక్షలతో కలిపి ఒక ఆదివారం పూట కేటాయించండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, బ్యాకప్ అయిన ఫైళ్లు వాళ్లనే సరిచూడమనండి, మెనూలు వాళ్లనే చదివి చెప్పమనండి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో పాఠంలో చదివే మాట ఆ రోజు కళ్లముందు కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కే ముందు సందేహం ఉంటే క్లాస్ టీచర్‌కు డైరీలో రాసి పంపండి.