బండికి స్పోకుల చక్రమా, అల్లాయ్ చక్రమా?

తెల్లవారుజామునే లేచి పాలు పితికి, బండికి క్యాన్లు కట్టుకుని, పొద్దెక్కక ముందే పాలకేంద్రానికి చేరాలి. సగం దారిలో టైరు గాలి దిగితే ఏమవుతుందో పాలరైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. పంక్చర్ షాపు తెరిచేసరికి కేంద్రం మూసేస్తారు. ఎండ ఎక్కేసరికి పాలు విరిగిపోతాయి. ఆ పూట కష్టమంతా నేలపాలు.

ఇప్పుడు చిన్న రైతుకు మోటారు సైకిలే ఎడ్లబండి. పాలు, ఎరువు బస్తా, పచ్చగడ్డి మోపు, మందు కొట్టే పంపు అన్నీ దాని మీదే. అలాంటి బండి కొనడానికి షోరూముకు పోతే అక్కడి కుర్రాడు ‘అల్లాయ్ కావాలా, స్పోకులు కావాలా?’ అని అడుగుతాడు. రెండింటికీ ధరలో తేడా ఉంటుంది. చూపుకు బాగుందని అల్లాయ్ తీసుకునేవాళ్ళున్నారు. చవకని స్పోకులు తీసుకునేవాళ్ళున్నారు. రెండూ సరైన లెక్క కాదు. మీరు తిరిగే దారి ఎలాంటిది, బండి మీద ఏం మోస్తారు, చెడితే ఎక్కడ బాగు చేయిస్తారు అనే మూడు సంగతులు చూసుకుని చక్రం ఎంచుకోవాలి.

తేడా ఎక్కడుంది?

స్పోకుల చక్రంలో ఉక్కు రిమ్ము, మధ్యలో హబ్బు, రెండింటినీ కలుపుతూ సన్నని ఉక్కు స్పోకులు ఉంటాయి. ఎడ్లబండి చక్రంలో ఆకులు బరువును కింది నుంచి మోస్తాయి. బైకు స్పోకులు అలా కాదు, రిమ్మును నాలుగు వైపులా లాగి పట్టుకుంటాయి. అన్నీ సమానంగా బిగుసుకుని ఉంటేనే చక్రం గుండ్రంగా తిరుగుతుంది. ఒకటి సడలితే దాని బరువు పక్కవాటి మీద పడి, ఒకదాని వెనుక ఒకటి తెగుతాయి.

అల్లాయ్ చక్రం అలా కాదు. అల్యూమినియంలో ఇతర లోహాలు కలిపి, కరిగించి, అచ్చులో పోసి ఒకే ముక్కగా తీస్తారు. అందులో బిగించేది, సడలేది ఏమీ ఉండదు. అల్యూమినియం ఉక్కులో మూడో వంతు బరువే ఉంటుంది. అయితే బలం కోసం చక్రాన్ని మందంగా పోస్తారు కాబట్టి మొత్తం బరువులో అంత తేడా రాదు. ‘అల్లాయ్ వేస్తే మైలేజీ బాగా పెరుగుతుంది’ అనే మాట నమ్మి డబ్బు పెట్టొద్దు.

రాళ్ళ దారిలో ఏది నయం?

కనిగిరి, పామూరు వైపు మెట్ట పొలాలకు పోయే దారులు తెలిసినవే. రాళ్ళు తేలి, వానకు కోసుకుపోయి, ట్రాక్టరు గాళ్ళు పడి ఉంటాయి. బరువుతో పోయే బండి ఒక్కసారిగా గుంటలో పడితే ఆ దెబ్బ చక్రానికే తగులుతుంది. స్పోకుల చక్రం కొంచెం సాగి దెబ్బను ఓర్చుకుంటుంది. మరీ గట్టి దెబ్బయితే రిమ్ము వంగుతుంది, ఒకటి రెండు స్పోకులు తెగుతాయి. మండల కేంద్రంలో ఏ మెకానిక్కయినా కొత్త స్పోకులు వేసి, రిమ్ము వంకర తీసి ఇచ్చేస్తాడు. పెద్ద ఖర్చు కాదు.

అల్లాయ్ చక్రం తారు రోడ్డు మీద గట్టిదే. కానీ సూటిగా రాయికి కొట్టుకుంటే అంచు సొట్ట పడవచ్చు, లేదా పగులు రావచ్చు. పగిలితే చక్రం మొత్తం మార్చాల్సిందే. ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. సరుకు పట్నం నుంచి వచ్చేదాకా బండి ఇంటి ముందే నిలబడుతుంది.

ముల్లు దిగితే?

ఇక్కడ అల్లాయ్‌దే పైచేయి. మామూలు స్పోకుల రిమ్ముకు స్పోకుకో రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాల గుండా గాలి పోతుంది కాబట్టి లోపల ట్యూబు తప్పదు. తుమ్మముల్లు దిగితే ట్యూబు గాలి గబుక్కున పోతుంది. చక్రం ఊడదీసి, ట్యూబు బయటికి లాగి అతుకు వేయాలి.

అల్లాయ్ చక్రానికి ఆ రంధ్రాలు లేవు. ట్యూబ్‌లెస్ టైరు వేయవచ్చు. ముల్లు, మేకు దిగినా అక్కడే పట్టుకుని ఉంటే గాలి నెమ్మదిగా దిగుతుంది. చాలాసార్లు ఊరు చేరే వ్యవధి దొరుకుతుంది. చక్రం ఊడదీయకుండానే బయటి నుంచి రబ్బరు పుల్ల దూర్చి గాలి కొడితే సరి. ఆ పనిముట్ల సంచి కొన్ని వందల రూపాయలకు వస్తుంది. రెండుసార్లు చూస్తే ఎవరికైనా చేయి తిరుగుతుంది.

ఒక్క జాగ్రత్త ఉంది. గాలి పూర్తిగా పోయాక అలాగే తోలితే టైరు అంచు రిమ్మును వదిలేస్తుంది. అప్పుడు చేతి పంపుతో గాలి నిలవదు, కంప్రెసరు ఉన్న షాపుకు పోవాల్సిందే. టైరు పక్క గోడ కోసుకుపోయినా పుల్ల పనికిరాదు. ఇంకో సంగతి, అల్లాయ్ అనగానే ట్యూబ్‌లెస్ అనుకోవద్దు. అల్లాయ్ చక్రానికి ట్యూబు టైరుతో వచ్చిన బండ్లూ ఉన్నాయి. టైరు పక్కన ఏం రాసి ఉందో కొనేముందే చదివించుకోండి.

తుప్పు, ఉప్పు

కొత్తపట్నం, సింగరాయకొండ వైపు సముద్రపు గాలికి ఉక్కు రిమ్ములు త్వరగా తుప్పు పడతాయి. బురద, పేడ, ఎరువు అంటుకుని ఉంటే మరీను. పొటాష్ ఎరువు కూడా ఒక రకం ఉప్పే. స్పోకు చివర బిగించే నిపిల్ తుప్పుతో పట్టేస్తే ఇక తిరగదు. బిగించబోతే స్పోకే తెగుతుంది. అల్లాయ్‌కి తుప్పు రాదు గానీ రంగు లేచిన చోట ఉప్పు చేరి గుంటలు పడతాయి. ఏ చక్రమైనా ఎరువు మోసిన రోజు మంచినీళ్ళతో కడగాలి.

బరువు లెక్క

చక్రాలు చెడడానికి దారి కన్నా పెద్ద కారణం మన బరువులే. మామూలు 100 సీసీ బండ్లు మోయగల బరువు, నడిపే మనిషితో కలిపి, సుమారు 130 కిలోలు. 2018 నుంచి యూరియా బస్తా 45 కిలోలు. రెండు బస్తాలు 90, మనిషి 65, మొత్తం 155 కిలోలు. 40 లీటర్ల క్యాన్లు రెండు కడితే పాలే 82 కిలోలు. మనిషితో 147 అవుతుంది, ఖాళీ క్యాన్ల బరువు అదనం. అంటే రోజూ హద్దు దాటే తోలుతున్నామన్నమాట.

ఒక్క నడకలో పోయేది రెండు నడకల్లో వేసుకుంటే పెట్రోలు ఖర్చు కొంత పెరుగుతుంది. కానీ చక్రం, బేరింగులు, అన్నిటికంటే మనిషి ప్రాణం నిలుస్తాయి. బరువు కట్టేముందు వెనుక టైరులో గాలి ఎంత ఉండాలో బండి పుస్తకంలో చూసి పెట్టించండి. గాలి తక్కువుంటే రాయి దెబ్బ సూటిగా రిమ్ముకే తగులుతుంది.

పగిలిన అల్లాయ్‌కి అతుకు వద్దు

కొందరు పగిలిన అల్లాయ్ చక్రానికి వెల్డింగు పెట్టించి వాడేస్తున్నారు. ఇది చాలా ప్రమాదం. వెల్డింగు వేడికి ఆ చుట్టుపక్కల లోహం బలం కోల్పోతుంది. పైకి అతుకు నున్నగానే కనిపిస్తుంది. బరువుతో వేగంగా పోయేటప్పుడు అక్కడే మళ్ళీ విరుగుతుంది. ముందు చక్రం అయితే మనిషి నేరుగా రోడ్డు మీద పడతాడు. కొత్త చక్రం కొనలేకపోతే ఆ నాలుగు రోజులు పక్కింటివాళ్ళ బండి అడగండి. అతుకు చక్రం మీద మాత్రం ఎక్కొద్దు. పాత సామాన్ల షాపులో తక్కువకు దొరికే చక్రాల విషయంలోనూ ఇంతే. ఎక్కడ దెబ్బ తిని వచ్చిందో తెలియదు.

ఇంటి దగ్గరే పరీక్ష

నెలకొకసారి బండిని నడి స్టాండు మీద నిలబెట్టి, వెనుక చక్రం చేత్తో తిప్పి చూడండి. రిమ్ము అటూ ఇటూ ఊగితే వంకర ఉన్నట్టే. స్పోకులను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటిగా తట్టండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, సడలినది మొద్దుగా పలుకుతుంది. కొత్త బండికి మొదటి సర్వీసులో స్పోకులు బిగించమని మీరే అడగండి.

అల్లాయ్ అయితే చక్రం కడిగి, వెలుతురులో చేతుల మొదలు, అంచు చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా మెకానిక్కుకు చూపించాలి. మేకు లేకుండానే రోజూ గాలి తగ్గుతుంటే అంచు చుట్టూ సబ్బు నీళ్ళు పోయండి. బుడగలు వచ్చిన చోట గాలి పోతున్నట్టు.

ట్రాలీ ఆటో ఉన్నవాళ్ళకు

బరువు మోసే ట్రాలీ ఆటోలు, చిన్న ట్రక్కులకు సాధారణంగా ఉక్కు రేకు చక్రాలు వస్తాయి. వాటికి స్పోకులు ఉండవు. వంగితే సరిచేయించవచ్చు. అందం కోసం వాటిని తీసేసి అల్లాయ్ వేయించడం రైతుకు దండగ. కూరగాయలు మార్కెట్టుకు వేసే బండికి కంపెనీ ఇచ్చిన చక్రమే మేలు.

ఏది ఎవరికి?

పొలం దారుల్లో బరువులతో ఎక్కువగా తిరిగేవాళ్ళకు, పట్నం దూరంగా ఉన్నవాళ్ళకు స్పోకుల చక్రం నయం. సగానికి పైగా తారు రోడ్డు మీద తిరిగేవాళ్ళకు, వేళకు పాలు, కూరగాయలు చేర్చాల్సినవాళ్ళకు ట్యూబ్‌లెస్ టైరుతో అల్లాయ్ కలిసొస్తుంది. ఇప్పటికే స్పోకుల బండి ఉన్నవాళ్ళు దాన్ని అల్లాయ్‌కి మార్చాలంటే అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే చక్రమే వేయించాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకోవాలి. సైజు మార్చకూడదు.

షోరూములో మెరుపు చూసి తేల్చుకోవద్దు. మీ ఊరి నుంచి పొలానికి, పొలం నుంచి పాలకేంద్రానికి ఉన్న దారిని ఒకసారి తలుచుకోండి. ఏ చక్రం కావాలో ఆ దారే చెబుతుంది.