అమరావతి పలకలను స్కాన్ చేద్దాం

కొత్తగూడెంలో మైన్ సర్వేయరుగా ఓపెన్‌కాస్టు మట్టికుప్పలను లేజర్ స్కానరుతో కొలిచినవాణ్ణి. లక్షల బిందువుల దూరాలు కలిపితే కుప్ప ఆకారం కంప్యూటర్లో లేస్తుంది. శిల్పానికీ అదే పద్ధతి. కాకపోతే మాకు సెంటీమీటర్లు చాలు, చీర మడతకు మిల్లీమీటరులో భాగం కావాలి. ఆ కొలతలతో యంత్రం రాయి చెక్కుతుంది, లేదా అచ్చు తయారవుతుంది.

ఈజిప్టులో టుటన్‌ఖామున్ సమాధి నకలును ఇలాగే చేసి 2014లో తెరిచారు, అసలు గోడలపై జనం తాకిడి తగ్గాలని.

1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ చూసిన అమరావతి స్తూపం పలకలు ఇప్పుడు లండన్, చెన్నై మ్యూజియాల్లో చెదిరి ఉన్నాయి. నాగార్జునసాగర్ బుద్ధవనంలో అమరావతి నమూనా స్తూపం కట్టారు, సంతోషమే. కానీ నాకు ఆ పలకలే కావాలి: ఉలి దెబ్బలు, విరిగిన అంచులతో సహా స్కాన్ చేసి, పల్నాటి సున్నపురాయిలోనే చెక్కించి, కృష్ణ ఒడ్డున వరుసగా నిలబెట్టాలి. మ్యూజియంలో తాకనివ్వరు. ఇక్కడ మన పిల్లలు చేత్తో తడమాలి. అసలువి తిరిగి అడగడం మాత్రం మానకూడదు.