గ్రంథాలయ శాస్త్రము: చదివినవారికి గల వృత్తులు

త్రిపురాంతకము కొండమీది త్రిపురాంతకేశ్వరాలయములో ప్రాచీన శాసనములు అనేకములు కలవు. మద్రాసు శాసనశాఖవారు 1905లో వీనికి ప్రతులు తీసి, ఒక్కొక్కదానికి ఆ సంవత్సరముతో కూడిన సంఖ్య నిచ్చిరి. జయంతి రామయ్య పంతులు పరిష్కరించిన దక్షిణ భారత శాసనముల పదవ సంపుటము 1948లో వెలువడినది. త్రిపురాంతక శాసనములు పెక్కు అందులో అచ్చయినవి. మార్కాపురములో చదువుకొను విద్యార్థి ఒకడు కాకతీయుల నాటి దానశాసన మొకటి చూడగోరి, “ప్రకాశం జిల్లా” అను మాటతో వెదకెననుకొందము. ఆ సంపుటములో అతనికి ఏమియు దొరకదు. అందు త్రిపురాంతకము కర్నూలు జిల్లా, మార్కాపురము తాలూకాలోని గ్రామము. ప్రకాశం జిల్లా (మొదట దాని పేరు ఒంగోలు జిల్లా) 1970 ఫిబ్రవరి 2న గాని ఏర్పడలేదు.

ఇది చరిత్ర విద్యార్థికి మాత్రమే వచ్చు చిక్కు కాదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైనచో పండ్లు గారపట్టుట, ఎముకలు బిగిసిపోవుట ఈ ప్రాంతము వారెరిగిన బాధయే. మన దేశములో ఈ వ్యాధిని గూర్చిన తొలి వైద్యపరిశోధన వ్యాసములలో ఒకటి 1937లో ప్రకటింపబడినది. దాని శీర్షికలో ఉన్న పేరు నెల్లూరు జిల్లా. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో అవి ప్రకాశం జిల్లాలో చేరినవి. తన ఊరి నీటిని గూర్చి పూర్వులు ఏమి కనుగొనిరో తెలిసికొనదలచిన విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు ప్రకాశం పేరుతో ఎంత వెదకినను ఆ వ్యాసము చేతికి రాదు. వ్యాసము ఉన్నది, చదువగోరు వాడు ఉన్నాడు. నడుమ వంతెన లేదు. ఆ వంతెన కట్టుటయే గ్రంథాలయ శాస్త్రము నేర్చినవారి పని.

వంతెన కట్టు విధము తెలిసికొన్నచో ఈ విద్య ఎట్టిదో బోధపడును. సూచీలో ఒక విషయమునకు ఒకే పేరు ప్రధానముగా నిర్ణయింతురు. దానికి గల తక్కిన పేర్లన్నిటి వద్దను “ఫలానా చోట చూడుము” అని వ్రాసిపెట్టుదురు. ఒంగోలు జిల్లా అని వెదకిన వానిని ప్రకాశం వద్దకును, ప్రకాశం అని వెదకిన వానిని 1970కి పూర్వపు నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల వద్దకును పంపుదురు. సరిహద్దులు ఒకమారు మారి ఊరకుండవు. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాలో చేరినది. కాబట్టి ఈ పని ఒకనాటితో ముగియునది కాదు. గ్రంథాలయోద్యోగి యనగా బీరువా తాళపుచెవి దగ్గర ఉంచుకొనువాడని తలచువారు ఇప్పటికిని కలరు. ఆ తలంపు వలన ఈ విద్యకు జరిగిన నష్టము ఇంతింత కాదు.

ఈ విద్యకు మన దేశములో శాస్త్రరూపము కల్పించిన వాడు గణితోపాధ్యాయుడు. శియ్యాళి రామామృత రంగనాథన్ (1892–1972) మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము చెప్పుచు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యెను. ఆ ఏకాంతము ఆయనకు మొదట రుచింపలేదు. తిరిగి కళాశాలకు పోదునని పట్టుబట్టెను. లండనుకు పోయి శిక్షణ పొందిన తరువాత మనస్సు మారినది. అక్కడ ఒక దుకాణములో మెకానో అను ఆటవస్తువును చూచెనట. కొద్దిపాటి ఇనుపరేకులు, మరలు ఉన్నచో వానిని పలురీతుల బిగించి బండి కావలసిన బండి, వంతెన కావలసిన వంతెన చేయవచ్చును. పుస్తకముల విషయములను గూడ ఇట్లే కొద్ది భాగముల కూర్పుగా చూపవచ్చునని ఆయనకు తోచినది. 1933లో వెలువడిన ద్విబిందు వర్గీకరణము ఈ ఆలోచన ఫలితమే.

అంతకుముందు అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో దశాంశ వర్గీకరణమును ప్రకటించెను. అందు విషయములు సిద్ధముగా నుండును. ప్రతి విషయమునకు ఒక సంఖ్య, దానిలోని భాగమునకు దశాంశబిందువు తరువాత మరియొక అంకె. దంతవైద్యమునకు 617.6. రంగనాథన్ పద్ధతిలో విషయమును ముందు విడదీసి, తరువాత కూర్చవలెను. ఆయన తరువాతి కాలమున వ్యక్తిత్వము, పదార్థము, శక్తి, దేశము, కాలము అని ఐదు మూలవర్గములు చెప్పెను. పై ఫ్లోరైడు వ్యాసమునే తీసికొన్నచో వైద్యశాస్త్రము ప్రధాన వర్గము. అందు దంతములు వ్యక్తిత్వము, వ్యాధి శక్తి, నెల్లూరు జిల్లా దేశము, 1930వ దశకము కాలము. పదార్థమునకు ఇచ్చట పని లేదు. ప్రతి విషయమునకును ఐదును ఉండి తీరవలెనను నియమము లేదు. ఇంటరు గణితములో సమితులు చదివిన విద్యార్థికి ఇది కొత్తగా తోచదు. ఇప్పుడు అంతర్జాలపు అంగళ్లలో రంగు, కొలత, ధర వేరువేరుగా ఎన్నుకొని వస్తువులను వడపోయు ఏర్పాటులో ఉన్నదియు ఇదే తర్కము.

శిక్షణ చరిత్రను క్లుప్తముగా చెప్పిన చాలును. 1911లో బరోడా సంస్థానమున తొలి తరగతులు జరిగినవి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఈ విద్యకు తరగతులు ప్రారంభించినది. ఇప్పుడు ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో దీనికి ప్రత్యేక శాఖలు కలవు.

చేరగోరు వానికి దారి ఇట్లున్నది. ఏ డిగ్రీ చదివినవారైనను బి.లిబ్.లో చేరవచ్చును. అది ఒక సంవత్సరము. తరువాత ఎం.లిబ్. మరియొక సంవత్సరము. కొన్ని విశ్వవిద్యాలయములు రెంటిని కలిపి రెండేండ్లుగా నడుపుచున్నవి. త్రిపురాంతకము, యర్రగొండపాలెము, గిద్దలూరు వంటి చోట్లనుండి పట్టణమునకు పోయి ఉండలేనివారు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా ఇంటివద్ద నుండియే చదువవచ్చును. ఇంటరు మాత్రమే ముగించిన వారికి అక్కడ ధ్రువపత్ర శిక్షణయు కలదు. బెంగుళూరులో రంగనాథన్ 1962లో నెలకొల్పిన ప్రలేఖన పరిశోధన శిక్షణ కేంద్రము భారతీయ గణాంక సంస్థకు చెందినది. ప్రవేశపరీక్షలో నెగ్గినవారికి అది రెండేండ్ల చదువుతో పాటు భృతిని గూడ ఇచ్చును. గణితము, విజ్ఞానశాస్త్రములు చదివిన పట్టభద్రులు దీనిని తప్పక గుర్తుంచుకొనవలెను. మన ప్రాంతపు విద్యార్థులలో దీని పేరు విన్నవారు అరుదు.

ఇక ఉద్యోగముల మాట. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టము ప్రకారము జిల్లా గ్రంథాలయ సంస్థలు నడచుచున్నవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలగును. ఆదాయమార్గము చట్టములో ఉన్నను ఈ సంస్థలలో శాశ్వతోద్యోగములకు ప్రకటనలు మాత్రము అరుదు. కేవలము దానినే నమ్ముకొని బి.లిబ్.లో చేరినవాడు ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి రావచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులకు ఈ సంగతి ముందుగానే చెప్పుట న్యాయము.

పాఠశాలలలోను, కళాశాలలలోను స్థితి కొంత మేలు. కేంద్రీయ విద్యాలయములలో లైబ్రేరియన్ పదవికి బి.లిబ్. పట్టము అర్హత. ఏడవ వేతన సంఘము లెక్కన మూలవేతనము 44,900 రూపాయలతో మొదలగును. డిగ్రీ కళాశాల లైబ్రేరియన్, విశ్వవిద్యాలయ సహాయ లైబ్రేరియన్ పదవులకు 55 శాతము మార్కులతో ఎం.లిబ్. ఉండవలెను. సాధారణముగా జాతీయ అర్హత పరీక్షలో (నెట్) గూడ ఉత్తీర్ణత కావలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో చేసిన నిబంధనల ప్రకారము వీరికి అసిస్టెంట్ ప్రొఫెసరుతో సమానమైన ప్రవేశ వేతనమే, అనగా 57,700 రూపాయలు. లైబ్రేరియన్‌ను గుమాస్తాగా చూచు అలవాటు గల కళాశాలలు ఈ అంకెను గమనింపవలెను.

ఆసుపత్రులు, న్యాయస్థానములు, వ్యవసాయ పరిశోధన క్షేత్రములు, పత్రికా కార్యాలయములు, ప్రయోగశాలలు కూడ ఈ విద్య నేర్చినవారిని కోరును. అయితే బీరువాలు లేని గ్రంథాలయములే ఇప్పుడు విరివిగా పెరుగుచున్నవి. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో, చిత్తూరు జిల్లాకు చెందిన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డి పూనికతో, భారత డిజిటల్ లైబ్రరీ క్రింద వేలకొలది తెలుగు పుస్తకములను ఛాయాచిత్రములుగా తీసిరి. అది గొప్ప కార్యమే. కాని పేర్లు తెలుగు లిపిలో గాక రోమను అక్షరములలో నమోదైనవి, అదియు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున. దీర్ఘములు పోయినవి, గ్రంథకర్తల పేర్లు మారినవి. కంప్యూటరులో ఉన్న పుస్తకము గూడ వెదకినవానికి లేనట్లే అయినది. తరువాత తెలుగు వికీపీడియా కార్యకర్తలు ఆ జాబితాలను ఓపికతో సవరింప వలసి వచ్చినది. మొదటనే శిక్షణ పొందిన సూచీకర్తలు తగినంతమంది ఉన్నచో ఆ శ్రమలో చాలభాగము తప్పెడిది. తాళపత్రములు, పాత పత్రికలు, ప్రభుత్వ దస్తావేజులు ఇంకను చిత్రింపవలసినవి అపారముగా ఉన్నవి. ప్రతిదానికి ఇదే ప్రమాదము పొంచియున్నది.

పట్టము చేతికి వచ్చినంత మాత్రమున ఈ పనులు రావు. విద్యార్థి చదువుకొను దినములలోనే రెండు సంగతులు నేర్చుకొనవలెను. ఒకటి, గ్రంథాలయమును నడుపు కంప్యూటరు పరికరము. కోహా అనునది 2000లో న్యూజీలాండులో వాడుకకు వచ్చినది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థము. పేరుకు తగినట్లు అది ఉచితము. ఇంటి కంప్యూటరులో పెట్టుకొని అభ్యసింపవచ్చును. రెండవది, మార్క్ అను నమోదు పద్ధతి. 1960వ దశకములో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయమున హెన్రియెట్టా ఆవ్రమ్ దీనిని రూపొందించెను. ఇందు ప్రతి వివరమునకు ఒక సంఖ్యగల గడి ఉండును. శీర్షికకు 245, విషయమైన స్థలమునకు 651, అదే సమాచారమును మరియొక లిపిలో వ్రాయుటకు 880. భారత డిజిటల్ లైబ్రరీలో తెలుగు పేర్లకు కావలసినది ఈ 880వ గడి వంటిదే.

దీనికి పెద్ద గ్రంథాలయము అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో రెండువందల పుస్తకముల బీరువా ఉన్నను చాలును. పదవ తరగతి పిల్లలు నలుగురు కూర్చుండి ఒక్కొక్క పుస్తకమునకు డ్యూయీ సంఖ్య నిర్ణయించి కోహాలో నమోదు చేయవచ్చును. మార్కాపురపు పలకరాతి గనులను గూర్చిన పుస్తకమేదైన దొరికినచో అది భూగర్భశాస్త్రమునకు చెందునా, గనుల తవ్వకమునకా, పరిశ్రమకా అని వారు తప్పక వాదులాడుకొందురు. పుస్తకము 1970కి ముందు అచ్చయినదైనచో 651వ గడి వద్ద ఆగవలసి వచ్చును. మార్కాపురము ప్రక్కన కర్నూలు జిల్లా అని వ్రాయుటయా, ప్రకాశం అని వ్రాయుటయా, రెండును వ్రాసి ఒకదానినుండి మరియొకదానికి దారి చూపుటయా అన్నది వారే తేల్చుకొనవలెను.