చెమట వాసనకు ఇంటి మందు: కొబ్బరినూనెనా, పటికా?

చెమట కంపు ఎందుకు కొడుతుంది?

నిజానికి చెమటకు వాసన ఉండదు. ఒళ్ళంతా పట్టేది దాదాపు ఉప్పునీరే. ఒంటిని చల్లబరచడం దాని పని. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడి ఒంటి నుంచి పోతుంది. చంకల్లో మాత్రం మరో రకం గ్రంథులు కూడా ఉన్నాయి. అవి యుక్తవయసులో పని మొదలుపెడతాయి. వాటి నుంచి ఊరే ద్రవంలో కొవ్వులు, మాంసకృత్తులు ఉంటాయి. అక్కడ గాలి ఆడదు, తడి ఆరదు. ఆ చోటే కాపురముండే కొరైనీబ్యాక్టీరియా, స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులు ఆ ద్రవాన్ని విరగ్గొట్టి ఘాటైన ఆమ్లాలను, గంధకపు సమ్మేళనాలను వదులుతాయి. మన ముక్కుకు తగిలేది అదే. చిన్నపిల్లలు ఎండలో ఎంత ఆడి వచ్చినా పెద్దవాళ్ళ కంపు రాకపోవడానికి కారణం ఆ గ్రంథులు ఇంకా పని మొదలుపెట్టకపోవడమే.

చెమటనే ఆపేస్తే పోదా?

యాంటీపెర్స్పిరెంట్లు చేసేది అదే. వాటిలోని అల్యూమినియం లవణాలు చెమట నాళాల నోళ్ళు మూస్తాయి. చంకల్లో మూసినంత మాత్రాన ఒళ్ళు ఉడికిపోదు లెండి. డియోడరెంట్ పని వేరు. అది చెమటను పోనిస్తుంది, సూక్ష్మజీవుల్ని అదుపులో పెడుతుంది. మనం ఇంట్లో చేసుకోగలిగింది ఈ రెండోదే.

కొబ్బరినూనె, వంటసోడా కలిపితే?

ఊరూరా ఫోన్లలో తిరిగే వంటకం ఇది: కొబ్బరినూనె, వంటసోడా, మొక్కజొన్న పిండి కలిపి డబ్బాలో గడ్డకట్టించడం. ఇది చలిదేశాల వాళ్ళకు కుదిరింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సోమందేపల్లిలో డిసెంబరు తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టే నూనె, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ళలా ఉంటుంది. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోయే కుర్రాడి బ్యాగులో ఆ డబ్బా ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 62 డిగ్రీలు దాటితే గానీ కరగని తేనెమైనం కలిపితే గట్టిగానే నిలుస్తుంది. అసలు చిక్కు సోడాతో. మన చర్మానిది కాస్త ఆమ్లగుణం, సోడాది క్షారగుణం. రోజూ రుద్దితే చాలామందికి మంట, దురద, ఆపైన నలుపు. నిమ్మరసం ఇంకా ప్రమాదం. అది పూసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కవచ్చు.

మరి ఏం వాడాలి?

నన్నడిగితే పటిక. గడ్డం గీశాక మంగలి రుద్దే ఆ ముక్కే. ఏ కిరాణా అంగడిలోనైనా దొరుకుతుంది, ఎంత ఎండకూ కరగదు. చర్మం మీద ఆమ్లగుణాన్ని పెంచి సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. స్నానం చేసి, చంకలు తుడుచుకుని, ముక్కను తడిపి నాలుగైదుసార్లు రుద్దితే చాలు. తర్వాత ముక్కను కడిగి ఆరబెట్టండి.

స్ప్రే కావాలంటే 100 మిల్లీలీటర్ల నీళ్ళలో చెంచాడు (5 గ్రాములు) పటిక పొడి కరిగించండి. బోరు నీళ్ళు మాత్రం వద్దు. మన గట్టి నీళ్ళలో పటిక వేస్తే తెల్లటి తుట్టె కడుతుంది. బురదనీళ్ళను తేరబెట్టే గుణం అదే కానీ, ఇక్కడ దానివల్ల పటిక వృథా అవుతుంది. క్యాను నీళ్ళు వాడండి. సువాసనకు వట్టివేళ్ళు నానబెట్టుకోవచ్చు, అయితే అలా చేసిన నీళ్ళను రెండు మూడు రోజుల్లోనే వాడేయాలి.

ముందు మోచేతి లోపలివైపు పూసి ఒక రోజు చూడండి. గీరుకున్న చర్మం మీద, చంకల్లో వెంట్రుకలు గీసిన వెంటనే వద్దు, మండుతుంది. ఇంకో మాట: పటికలోనూ అల్యూమినియం ఉంది. 'సహజం' అన్నంత మాత్రాన అది లేదనుకోకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే వాడాలి. చెమట వాసన ఉన్నట్టుండి మారినా, రాత్రిళ్ళు బట్టలు తడిసేంత చెమట పడుతున్నా ఇంటి మందులతో కాలం గడపకండి.

ధర్మవరం పట్టు కట్టే రోజు ఎలా?

నూనె కలిపిన పూతలేవీ ఆ రోజు వద్దు, మరక పడుతుంది. పట్టు మాంసకృత్తుతో అయిన దారం, సోడా వంటి క్షారాలు దాన్ని దెబ్బతీస్తాయి. సహజ రంగుల అద్దకంలో పట్టుకు రంగు పట్టించడానికి వాడేది కూడా పటికే. కాబట్టి రంగులో తేడా రాకుండా తడి పటికను పట్టుకు తగలనివ్వకూడదు. పూత పూర్తిగా ఆరాకే రవిక తొడగండి, లోపల నూలు గుడ్డ కుట్టించుకుంటే మరీ మంచిది. పెళ్ళి నుంచి రాగానే రవికను నీడలో గాలికి ఆరేయండి. తడి ఆరకుండా బీరువాలో పెట్టకండి.