ఆసుపత్రి సిబ్బందిలో టీకానంతర దుష్ప్రభావాల పర్యవేక్షణ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

2021 జనవరి 16న మన దేశంలో కోవిడ్-19 టీకా కార్యక్రమం ఆరంభమైనప్పుడు తొలి ప్రాధాన్యం ఆరోగ్య సిబ్బందికి లభించింది. తోటివారి లక్షణాలను నమోదు చేయవలసినవారే ఆ లక్షణాలను అనుభవించేవారు కూడా కావడం ఈ సందర్భంలోని విశేషం. ఇటువంటి సమూహంలో జరిపే పర్యవేక్షణ దేనిని నిరూపించగలదు, దేనిని నిరూపించలేదు అన్న ప్రశ్నను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. నిర్వచనం:

టీకా వేసిన తరువాత తలెత్తే అవాంఛనీయమైన ఆరోగ్య పరిణామం ఏదైనా 'టీకానంతర ప్రతికూల ఘటన' అవుతుంది. అది టీకా 'తరువాత' జరిగిందని మాత్రమే ఈ పేరు చెబుతుంది. టీకా 'వలన' జరిగిందని చెప్పదు. చేతినొప్పి, స్వల్పజ్వరం వంటివి సాధారణ ఘటనలు. మరణానికి, ఆసుపత్రిలో చేరికకు, శాశ్వత వైకల్యానికి దారితీసినవి గంభీర ఘటనలు.

3. కాలవ్యవధి:

టీకా కేంద్రంలో 30 నిమిషాలు వేచి ఉండాలన్న నియమం ప్రధానంగా అనఫైలాక్సిస్ అనే తీవ్ర అలర్జీని గుర్తించడానికి ఉద్దేశించినది. కోవాగ్జిన్‌ను క్లినికల్ ట్రయల్ పద్ధతిలో అనుమతించిన తొలిదశలో, ఏడు రోజులపాటు లక్షణాలను రాసుకొనే పత్రాన్ని టీకా పొందినవారికి అందజేశారు. జ్వరం, ఒళ్ళునొప్పులు ఇందులో నమోదవుతాయి. అంతకన్నా ఆలస్యంగా వచ్చేవాటి సంగతేమిటి?

ఈ ప్రశ్నకు నార్వే అనుభవం సమాధానం చెబుతుంది. 2021 ఆరంభంలో అక్కడ ఆస్ట్రాజెనెకా టీకా పొందిన ఐదుగురు ఆరోగ్య సిబ్బందిలో రక్తపు గడ్డలు ఏర్పడి, ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోయింది. వారి వయస్సు 32–54 సంవత్సరాలు. తొలి డోసు పొందిన 7 నుండి 10 రోజులకు వారు ఆసుపత్రికి వచ్చారు. వారిలో ముగ్గురు మరణించారు. అరగంట పరిశీలనలో ఈ స్థితి కనబడే అవకాశమే లేదు; ఏడు రోజుల పత్రం కూడా దీనిని దాదాపుగా జారవిడిచేదే. అదే టీకాను మన దేశంలో పుణెలోని సీరం సంస్థ కోవిషీల్డ్ పేరుతో తయారుచేసింది.

4. సంఖ్య:

నార్వేలో నాటికి ఆ టీకా పొందినవారు 1,30,000 పైచిలుకు. అంటే సుమారు 26 వేల మందికి ఒక ఘటన. వెయ్యిమంది పనిచేసే ఆసుపత్రిలో ఇటువంటిది ఒక్కటైనా కనబడే సంభావ్యత 4 శాతం లోపే. వెయ్యిమందిలో ఒక్క గంభీర ఘటనా లేకపోయినా, 95 శాతం విశ్వసనీయతతో చూస్తే అసలు రేటు వెయ్యికి 3 వరకు ఉండవచ్చు. కాబట్టి ఒక ఆసుపత్రి నివేదికలోని 'సున్నా' భద్రతకు రుజువు కాదు. అనేక ఆసుపత్రుల సమాచారాన్ని ఒకచోట చేర్చినప్పుడే అరుదైన ప్రమాదం బయటపడుతుంది.

5. నివేదించేవారు, నివేదించనివారు:

బాధితులు తామై చెప్పినప్పుడు మాత్రమే నమోదు చేయడం నిష్క్రియ పర్యవేక్షణ. నిర్ణీత దినాలలో ప్రతి ఒక్కరినీ అడిగి తెలుసుకోవడం సక్రియ పర్యవేక్షణ. మొదటి పద్ధతిలో, జ్వరం మామూలేనని వైద్యుడు ఉపేక్షించవచ్చు. సెలవు పెడితే ఆ రోజు వేతనం పోతుందని కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు మౌనం వహించవచ్చు. ఆసుపత్రిలో మొత్తం సిబ్బంది సంఖ్య, హాజరు వివరాలు ముందే అందుబాటులో ఉంటాయి గనుక సక్రియ పద్ధతి ఇక్కడ సుసాధ్యం. అయితే ఆ జాబితాలో కాంట్రాక్టు కార్మికుల పేర్లు కూడా ఉండాలి.

6. కార్యకారణ నిర్ణయం:

నమోదైన గంభీర ఘటనను నిపుణుల సంఘం పరిశీలిస్తుంది. టీకా స్వభావం, దాని నాణ్యతాలోపం, వేయడంలో పొరపాటు, సూది పట్ల ఆందోళన, కేవలం యాదృచ్ఛికత అనేవి వేర్వేరు కారణాలు. వీటిని విడదీయనిదే టీకాను నిందించడమూ, నిర్దోషి అనడమూ రెండూ తొందరపాటే.

7. ముగింపు:

ఎంతకాలం గమనించాము, ఎందరిని అడిగాము, ఎవరిని అడగలేదు అనే మూడు వివరాలు లేని దుష్ప్రభావాల శాతం అసంపూర్ణమైనది. నార్వేలో ఐదుగురి వివరాలు సకాలంలో వెలుగులోకి రావడం ఆ వ్యాధిని గుర్తించి, చికిత్సను అన్వేషించడానికి వైద్యలోకానికి తోడ్పడింది. సిబ్బంది నిర్భయంగా చెప్పగలిగే వాతావరణమే పర్యవేక్షణకు పునాది.