కట్టుడు పళ్ళకు కంప్యూటర్ నక్షా

"పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు" అన్నారు మన పెద్దలు. మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో ఈ మాట శనగలకే కాదు, జొన్నరొట్టెకు, మక్క గుడాలకు, సంక్రాంతి సకినాలకు కూడా వర్తిస్తుంది. పళ్ళన్నీ పోయిన అవ్వ, తాత రొట్టెను పాలలో నానవేసుకొని తింటారు. క్రమంగా గట్టి పదార్థాలన్నీ మానేస్తారు. నలుగురిలో కూర్చొని తినడానికి, నవ్వడానికి సిగ్గుపడతారు. పళ్ళ సెట్టు చేయించినా కొందరు దాన్ని డబ్బాలోనే ఉంచుతారు. అడిగితే "కింది సెట్టు నిలుస్తలేదు బిడ్డా" అంటారు.

అది ఎందుకు నిలవదు? దాన్ని నిలబెట్టే మార్గం ఏమిటి? అందులో కంప్యూటర్ చేసే పని ఎంత? ఈ మూడు విషయాలను సోదర విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కింది సెట్టు ఎందుకు కదులుతుంది?

పన్ను ఊడిపోయిన చోట దవడ ఎముకకు పని ఉండదు. పని లేని ఎముక ఏటేటా కరిగిపోతుంది. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు పళ్ళ సెట్లు వాడేవారిని ఏళ్ల తరబడి పరిశీలించి, 1972లో తన ఫలితాలను ప్రచురించారు. పై దవడ కంటే కింది దవడ ఎముక సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తగ్గిపోతుందని అందులో తేలింది. పై సెట్టుకు అంగిలి ఆసరా ఉంది. తడి అంగిలికి అది అతుక్కొని నిలుస్తుంది. కింది సెట్టు గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. మధ్యలో నాలుక ఆడుతూనే ఉంటుంది. అందుకే మాట్లాడినా, నమిలినా అది పైకి లేస్తుంది.

టైటానియం ఊతం

స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1952 ప్రాంతంలో కుందేలు ఎముకలో టైటానియం లోహపు పరికరం అమర్చి రక్తప్రసరణను పరిశీలించారు. తరువాత దాన్ని తీయబోతే రాలేదు. ఎముక లోహానికి గట్టిగా అతుక్కుపోయింది. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం స్క్రూలు అమర్చారు. ఆ మనిషి వాటిని నలభై ఏళ్లకు పైగా వాడుకున్నాడు. ఈ స్క్రూలనే ఇంప్లాంట్లు అంటారు. సాధారణంగా ఒక్కొక్కటి 4 మి.మీ. మందం, 10 మి.మీ. పొడవు ఉంటుంది.

పోయిన ప్రతి పన్నుకూ ఒక ఇంప్లాంట్ అవసరం లేదు. కింది దవడలో కోరపళ్ళ స్థానంలో రెండు ఇంప్లాంట్లు వేసి, ఎముక అతుక్కోవడానికి సుమారు మూడు నెలలు ఆగి, వాటిపై చిన్న బొడిపెలు బిగిస్తారు. సెట్టు లోపలి వైపున వాటికి సరిపోయే గిన్నెలుంటాయి. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ లాగా సెట్టు 'టక్'మని కూర్చుంటుంది. కావాలంటే తీయవచ్చు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్ళు లేని కింది దవడకు మొదట ఎంచుకోవలసింది రెండు ఇంప్లాంట్ల సెట్టే అని ప్రకటించారు. పై దవడ ఎముక మెత్తన. అక్కడ సాధారణంగా కనీసం నాలుగు వేస్తారు. ఇంప్లాంట్లు ఎక్కువగా ఉన్నచోట వాటిని ఒక లోహపు కడ్డీతో, అంటే బారుతో, కలిపి దానిపై సెట్టును కూర్చోబెట్టే పద్ధతి కూడా ఉంది.

తీసిపెట్టే సెట్టు తక్కువ రకం అనుకోవద్దు. ముసలితనంలో చేతులు వణికేవారు కూడా దాన్ని బయటికి తీసి కడుక్కోగలరు. ఎముక కరిగి లోపలికి పోయిన పెదవికి దాని గులాబీరంగు చిగురు భాగం ఆసరా ఇస్తుంది.

నక్షా గీయడం ఎలా?

పాత పద్ధతిలో నోటి అచ్చు తీసి, జిప్సం బొమ్మ పోసి, మైనంలో పళ్ళు పేర్చేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదే. కొత్త పద్ధతిలో ఇదే పనిని తెరపై చేస్తారు. దీనికి వాడే సాఫ్ట్‌వేర్లలో త్రీషేప్, ఎక్సోక్యాడ్ ప్రసిద్ధమైనవి. త్రీషేప్‌ను 2000లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో ఇద్దరు విద్యార్థులు స్థాపించారు. ఎక్సోక్యాడ్ 2010లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మొదలైంది.

మొదట దవడను, ఎదుటి దవడను, రెండూ కలిసే తీరును స్కాన్ చేస్తారు. ఇంప్లాంట్లపై 'స్కాన్ బాడీ' అనే గుర్తు ముక్కలు బిగించి మళ్ళీ స్కాన్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలను తన లైబ్రరీలోని నమూనాలతో పోల్చి, ప్రతి ఇంప్లాంట్ ఎక్కడ, ఏ వంపులో ఉందో లెక్కగడుతుంది. ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు తప్పుగా ఎంచుకుంటే తరువాతి పనంతా వృథా. తరువాత పళ్ళు పేర్చి, చిగురు ఆకారం గీసి, బొడిపెలకు గానీ బారుకు గానీ చోటు మలుస్తారు. పూర్తయిన నక్షా ఎస్‌టీఎల్ ఫైలుగా మిల్లింగ్ యంత్రానికో త్రీడీ ప్రింటర్‌కో వెళుతుంది.

పళ్ళు ముందు, బారు తర్వాత

ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే: ముందు పళ్ళు, ఆ తర్వాతే లోహం. ఇల్లు కట్టేవాడు గదులు ఎక్కడో తేల్చుకున్నాకే పిల్లర్లకు గుంటలు తీస్తాడు. ఇదీ అంతే. పన్ను ఎక్కడ ఉండాలో పెదవి, నాలుక, ఎదుటి దవడ నిర్ణయిస్తాయి. మిగతావన్నీ ఆ పన్నుకూ చిగురుకూ మధ్య మిగిలిన చోటులో ఇమడాలి.

ఒక లెక్క చూద్దాం. బారు కింద శుభ్రం చేసుకోవడానికి సందు 1 మి.మీ., బారు ఎత్తు 4, దాన్ని పట్టుకునే క్లిప్పు 1, ప్లాస్టిక్ మందం 2, పన్ను 5. మొత్తం 13 మి.మీ. కావాలి. ఒక అవ్వ నోట్లో 10 మి.మీ. చోటే ఉందనుకుందాం. బలవంతంగా బారు పెడితే పైనున్న ప్లాస్టిక్ పలుచబడి, నాలుగు రోజులు నమిలేసరికి పగులుతుంది. లేదా సెట్టు ఎత్తు పెరిగి నోరు సరిగా మూతపడదు. అక్కడ సుమారు 9 మి.మీ.లో ఇమిడే పొట్టి బొడిపెలే సరైనవి. పేర్చిన పళ్ళను తెరపై అద్దంలా పారదర్శకం చేసి, లోపలి చోటును ఎక్కడికక్కడ కొలిచి చూపడమే సాఫ్ట్‌వేర్ గొప్పతనం. ఈ తప్పు తెరపై దొరికితే దిద్దుకోవచ్చు. లోహం కోశాక దొరికితే డబ్బూ శ్రమా రెండూ పోతాయి.

అయితే తెర అన్నీ చెప్పదు. అవ్వ మాట్లాడేటప్పుడు 'ఫ', 'స' సరిగా పలుకుతున్నాయా, నవ్వితే పళ్ళు ఎంత కనబడుతున్నాయి అన్నది నోట్లో నమూనా సెట్టు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. బారు కూడా అంతే. దాన్ని ఒక వైపు స్క్రూతో మాత్రమే బిగించి, రెండో వైపు పైకి లేస్తుందేమో డాక్టరు చూస్తారు. లేస్తే అది సరిపోలేదని అర్థం.

మనకు ఏమి లాభం?

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల కరీంనగర్‌కు సుమారు 160, ఆదిలాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరం. వృద్ధులకు ఆ ప్రయాణం ఎంత కష్టమో మనకు తెలుసు. ఇంప్లాంట్ వేయడానికి డాక్టరు దగ్గరకు పోక తప్పదు. కానీ జిప్సం బొమ్మ పార్శిల్‌లో పోయి విరిగే బాధ లేదు. స్కాన్ ఫైలు క్షణాల్లో ల్యాబ్‌కు చేరుతుంది. సెట్టు పోయినా, పగిలినా, దాచిన ఫైలుతో మళ్ళీ చేయవచ్చు.

ఖర్చు మాత్రం మామూలు సెట్టు కంటే చాలా ఎక్కువ. కాబట్టి చేయించే ముందు డాక్టరును అడగండి: ఎముక ఎంత ఉంది? రెండు ఇంప్లాంట్లు చాలవా? అరిగే నైలాన్ రింగులు ఎన్నాళ్లకు మార్చాలి? షుగర్ అదుపులో లేకున్నా, బీడీ మానకున్నా ఇంప్లాంట్ నిలవడం కష్టం. రాత్రి సెట్టు తీసి, మెత్తని బ్రష్‌తో సెట్టునూ బొడిపెలనూ కడగాలి.

మిత్రులారా! డాక్టరు ఒక్కరితోనే పళ్ళ సెట్టు తయారు కాదు. వెనుక డెంటల్ టెక్నీషియన్ ఉంటాడు. 1948 నాటి డెంటిస్టుల చట్టమే 'డెంటల్ మెకానిక్' అనే వృత్తిని గుర్తించింది. మనలో కంప్యూటర్ మౌస్ పట్టినవారు చాలామంది ఉన్నారు. దానికి తోడు పన్ను ఆకారం, దవడ కదలిక, మి.మీ. లెక్క నేర్చుకుంటే అది బతుకుదెరువు అవుతుంది. ఒక అవ్వ మళ్ళీ పండుగ నాడు నలుగురి మధ్య కూర్చొని జొన్నరొట్టె తుంచుకొని తినడానికి మన చదువు పనికివస్తే, అంతకంటే ఏం కావాలి!